పట్టపగలు ఎండలో ఆగిపోయిన సోలార్

ఒడిశాలోని మా జయపురంలో కరెంటు పోతే వీధి పిల్లలంతా ఒడియాలో "లైన్ గలా!" అని ఒక్క అరుపు అరుస్తారు. మొన్న వేసవిలో ఆ అరుపు వినిపించిన రెండు నిమిషాలకు మా వీధి చివర కిరాణా కొట్టాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మా గేటు దగ్గరికి వచ్చాడు. డాబా మీద కొత్తగా 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాడు. సబ్సిడీ పడింది, బిల్లు తగ్గింది, అంతవరకు బాగానే ఉంది.

"మాస్టారూ, సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు. పలకల మీద చెయ్యి పెడితే కాలుతోంది. లైను పోతే లైనుది పోవాలి గానీ, నాది ఎందుకు పోవాలండీ?"

బిగించిన కుర్రాణ్ణి అడిగితే "అది అంతే అంకుల్" అన్నాడట.

"అది అంతే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఆ ఎండలో నిలబెట్టి ఆయనకు సగం జవాబే చెప్పాను. లైను చచ్చిందనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు, మీ డాబా కరెంటు ఎదురొస్తే మనిషి పోతాడు, అందుకే లైను పోగానే ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తాను ఆగిపోవాలని నిబంధన. ఆయన తల ఊపి వెళ్లాడు. మిగతా సగం ఇంకా రుచిగా ఉంటుంది. ఆ నిబంధన లేకపోయినా ఆయన ఇన్వర్టర్ నడిచేది కాదు. దానికి పక్కవాళ్ల అడుగు చూసి అడుగు వెయ్యడమే వచ్చు, సొంత తాళం లేదు.

ఏసీ కరెంటు అంటే ఏమిటో బడి పుస్తకంలో ఉంది, వదిలేస్తున్నాను. సెకనుకు 50 సార్లు ఊగుతుందని గుర్తుంటే చాలు, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటే అదే. అసలు సంగతి ధింసా ఆట.

చైత్ పరబ్ పండుగ రోజుల్లో మా కొరాపుట్ కొండల్లో, అటు అరకు వైపు కూడా, పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు వీపుల వెనక చేతులు అల్లుకుని గొలుసుకట్టి ఆడతారు. పక్కన డప్పు, తుడుము, మోరి మోగుతుంటాయి. వాయించేవాళ్లు చుట్ట కాల్చుకోవడానికి పక్కకు వెళ్లారనుకోండి. ఆట వెంటనే ఆగిపోదు. ఒకామె అడుగు కాస్త ముందు పడితే పక్కామె చెయ్యి ఆమెను వెనక్కి పట్టి ఉంచుతుంది. ఒకామె వెనకబడితే గొలుసే ఆమెను ముందుకు ఈడుస్తుంది. ఆ లాగుళ్లలోనే తాళం నిలిచి ఉంటుంది.

కరెంటు కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే తీగల వల, అంటే గ్రిడ్‌లో, అసలు డప్పే లేదు. ఢిల్లీలో ఎవరో కూర్చుని 50 హెర్ట్జ్ వాయిస్తున్నారని ఇంజినీరింగ్ పిల్లలు కూడా అనుకుంటారు. లోడ్ డిస్పాచ్ సెంటర్ ఎవరు ఎంత తయారుచెయ్యాలో చెబుతుంది, అడుగు ఏ క్షణంలో వెయ్యాలో చెప్పదు. మా ఊరి పక్కన అప్పర్ కొలాబ్‌లో 320 మెగావాట్ల జనరేటర్లున్నాయి. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి చక్రాలు తిరుగుతున్నాయి. అవీ, ఎక్కడో గుజరాత్‌లో తిరిగే యంత్రమూ ఒకే లెక్కన అడుగు వేస్తున్నాయంటే, మధ్యలో ఉన్న తీగలు ఒకదాన్నొకటి లాగుతున్నందువల్లే. 1665లో హాలండ్ శాస్త్రవేత్త హైగెన్స్ జబ్బుపడి మంచం మీద ఉండి, ఒకే దూలానికి వేలాడుతున్న రెండు లోలకాల గడియారాలు కాసేపటికి వాటంతటవే అడుగు కలపడం గమనించాడు. జపాన్ భౌతిక శాస్త్రవేత్త కురామోతో 1975లో ఇలాంటి గుంపులన్నిటికీ ఒక సమీకరణం రాశాడు. గుంపుగా ఒకేసారి వెలిగే మిణుగురులకు వాడే ఆ గణితాన్నే కొద్ది మార్పులతో పవర్ గ్రిడ్‌కూ వాడుతున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అందరి అడుగుల లెక్కా ఒకటే, కానీ అడుగు పడే క్షణం ఒకటి కాదు. కొలాబ్ యంత్రం వెంట్రుకవాసి ముందు వేస్తుంది, మా ఊరు వెంట్రుకవాసి వెనక వేస్తుంది. ఆ తేడాయే కరెంటును మోస్తుంది. ముందున్నామె వెనకున్నామెను లాగుతుంది గదా, ఆ లాగుడే మెగావాట్లు. లెక్కలో ఆ తేడాను కోణంగా కొలుస్తారు, ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు; తీగలో పారే విద్యుత్తు ఆ కోణం తేడా సైన్ విలువకు అనుపాతంలో ఉంటుంది. సైన్ అనగానే ప్రమాదం ఎక్కడుందో కనిపించాలి. తేడా పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, కానీ 90 డిగ్రీల దాకానే. అది దాటాక ఎంత ముందుకు పోతే అంత లాగుడు తగ్గుతుంది. పట్టు సడలినామె ఇంకా వేగంగా ముందుకు తూలుతుంది, పట్టు ఇంకా సడలుతుంది. చేతులు విడిపోతాయి. గ్రిడ్ కూలడం అనే మాట వెనక చాలాసార్లు జరిగేది ఇదే.

మరి చేతులు ఎంత గట్టిగా ఉంటే గొలుసు విడిపోదు? ఈ ప్రశ్నకు 2013లో డోర్ఫ్లర్, చెర్ట్‌కోవ్, బుల్లో అనే ముగ్గురు ఒక చక్కటి షరతు ఇచ్చారు. వలయాలు లేకుండా చెట్టు కొమ్మల్లా విస్తరించిన నెట్‌వర్కులో అయితే, ప్రతి తీగ మీద పడే భారం ఆ తీగ గరిష్ఠంగా మోయగలిగినదానికంటే తక్కువుంటే చాలు, అందరూ అడుగు కలుపుతారు. వలయాలుంటే లెక్కలో మాత్రికలు దిగుతాయి గానీ భావం అదే. అలాగని చేతులు పెంచుకుంటూ పోతే మేలు అనుకోవద్దు. విట్‌హాట్, టిమ్మె 2012లో చూపించిందేమిటంటే, కొన్ని చోట్ల కొత్త లైను కలిపితే ఉన్న తాళం కూడా చెడుతుంది. కొత్త దారిలో పారే కరెంటు తిరిగొచ్చి అప్పటికే నిండిన తీగ మీద పడుతుంది. వలయానికి అడ్డంగా ఒకామె దూరి ఇటొక చెయ్యి, అటొక చెయ్యి పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

తాళం కలవని రెండు గొలుసులుంటే? మాకు ఇది పుస్తకంలో విషయం కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిపేదాకా దక్షిణాది గ్రిడ్ వేరే ఆట, మాది వేరే ఆట. ఇటు 49.8, అటు 50.1 హెర్ట్జ్ ఉందనుకోండి, మూడు సెకన్లకు కాస్త పైగా గడిచినప్పుడల్లా కోణం పూర్తిగా ఒక చుట్టు తిరిగిపోతుంది. అలాంటప్పుడు చేతులు కలిపితే భుజాలు ఊడతాయి. నా కాలేజీ రోజుల్లో ల్యాబులో జనరేటర్‌ను లైనుకు కలపడానికి మూడు బల్బులు పెట్టేవారు. అవి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, పూర్తిగా ఆరిన క్షణంలో స్విచ్ వెయ్యాలి. మా బ్యాచ్‌లో ఒకడు బల్బులు ధగధగ వెలుగుతుంటే వేశాడు. యంత్రం పునాది బోల్టుల మీద ఎగిరినంత పని చేసింది. వాడు తర్వాత బ్యాంకులో చేరాడు.

అందుకే జయపురం నుంచి విశాఖ వైపు వెళ్లిన 400 కిలోవోల్టుల లైనును గాజువాకలో నేరుగా కలపలేదు. మధ్యలో ఒక తొట్టి పెట్టారు. ఇటువాళ్లు తమ తాళంలో నీళ్లు పోస్తారు, అటువాళ్లు తమ తాళంలో తోడుకుంటారు, చేయీ చేయీ తగలదు. ఆ తొట్టి పేరు డీసీ, అంటే ఊగకుండా ఒకే దిక్కున పారే కరెంటు. ఏసీని డీసీ చేసి, పక్క గదిలోనే మళ్లీ ఏసీ చేస్తారు. 500 మెగావాట్లవి రెండు. మహారాష్ట్ర సరిహద్దులో చంద్రపూర్ జిల్లా భద్రావతిలోనూ ఇలాంటిదే 1000 మెగావాట్లది ఉంది. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలి 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకటైతే, దక్షిణాది నిలబడింది. కూలిన గొలుసుతో దానికి చెయ్యి కలవలేదు మరి.

ఇక బరువు సంగతి. గొలుసులో బలిష్ఠమైన పెద్దమ్మలుంటే చటుక్కున ఎవరూ లాగలేరు. జనరేటర్ల ఇనుము అలాంటిది. దాన్ని సెకన్లలో కొలుస్తారు. తిరుగుతున్న చక్రంలో దాగిన శక్తితోనే పూర్తి సామర్థ్యంలో ఎన్ని సెకన్లు కరెంటు ఇవ్వొచ్చో అదే దాని జడత్వ స్థిరాంకం. గ్రిడ్ మొత్తానికి అది 5 సెకన్లు అనుకుందాం. ఉత్పత్తిలో 10 శాతం ఒక్కసారి ఊడింది. ఫ్రీక్వెన్సీ పడే వేగం ఎంత? 0.1ని 50తో హెచ్చవేసి, 5కు రెట్టింపైన 10తో భాగించండి, సెకనుకు 0.5 హెర్ట్జ్. అదే స్థిరాంకం 2 సెకన్లకు తగ్గితే సెకనుకు 1.25 హెర్ట్జ్. మనిషి కాదు గదా, యంత్రానికే తేరుకునే వ్యవధి ఉండదు. ఈ సమీకరణాన్ని మన దగ్గర ఎనిమిది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిస్తారు. 2016 సెప్టెంబరు 28న తుపానులో టవర్లు కూలి సౌత్ ఆస్ట్రేలియా మిగతా గ్రిడ్ నుంచి తెగిపోయినప్పుడు ఫ్రీక్వెన్సీ సెకనుకు దాదాపు 6 హెర్ట్జ్ చొప్పున పడింది. రాష్ట్రం మొత్తం చీకటి.

సోలార్‌కు ఈ బరువు లేదు. పలక డీసీ ఇస్తుంది, ఇన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుని దాన్ని ఏసీ రూపంలోకి కోస్తాయి. ఎప్పుడు తెరవాలో ఎలా తెలుస్తుంది? లైను వోల్టేజీని కొలిచి, దానితోపాటే తిరిగే ఒక ఊహా చట్రంలోకి మార్చి (పార్క్ పరివర్తన అంటారు), అందులో అడుగు ఎంత తప్పిందో చూపే అడ్డ భాగం సున్నా అయ్యేదాకా చట్రం వేగాన్ని సర్దుతూ ఉంటుంది. సున్నా అయిందంటే అడుగు దొరికినట్టు. ఈ పద్ధతిని ఫేజ్ లాక్డ్ లూప్ అంటారు. గొలుసు చివర చేరిన కొత్త పిల్ల పక్కామె పాదాలనే చూస్తూ ఆడటం లాంటిది. గొలుసు ఉన్నంతసేపు అందంగా ఆడుతుంది. గొలుసు మాయమైతే ఏ పాదాలు చూడాలి? కొట్టాయన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది.

ఒకరిద్దరు కొత్త పిల్లలైతే ఫర్వాలేదు. సగం గొలుసు వాళ్లే అయితే? నేను చూసే పాదాలు నన్నే చూస్తున్నాయి. నా తడబాటు ఆమెలో కనిపిస్తుంది, దాన్నే తాళం అనుకుని నేను మళ్లీ అనుసరిస్తాను. ఊరికి దూరంగా, సన్నటి లైను చివర పెద్ద సోలార్ కేంద్రం పెడితే సరిగ్గా ఇదే తంటా. ఇన్వర్టర్ వదిలే కరెంటే తాను కొలిచే వోల్టేజీని కదిపేస్తుంది.

అందుకే ఈ పదిహేనేళ్లలో పరిశోధన అంతా కొత్త పిల్లలకు సొంత తాళం నేర్పడం మీద పడింది. వీటిని గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు అంటారు. నాకు బాగా నచ్చేది అందులో అన్నిటికంటే సాదాసీదా నియమం: భారం పెరిగితే అడుగు కాస్త నెమ్మది చెయ్యి. అంతే. ఖాళీగా ఉంటే 50, పూర్తి భారం మీద దానికంటే 5 శాతం తక్కువ, అంటే 47.5 హెర్ట్జ్ అని పెట్టుకుందాం. 5 కిలోవాట్ల ఇన్వర్టర్ ఒకటి, 10 కిలోవాట్లది ఒకటి, మొత్తం భారం 9 కిలోవాట్లు. రెండిటి అడుగూ ఒకటే కావాలి గాబట్టి రెండూ 48.5 దగ్గర ఆగుతాయి, మొదటిది 3, రెండోది 6 మోస్తుంది. ఎవరి శక్తికి తగ్గట్టు వారు పంచుకున్నారు. మధ్యలో ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. ఫ్రీక్వెన్సీయే కబురు, కరెంటు తీగే టపా. ఈ లెక్క మొదటిసారి చేసినరోజు నేను అన్నం తింటూ కూడా నవ్వుకున్నాను.

ఇంకొందరు చక్రం బరువును సాఫ్ట్‌వేర్‌లో రాశారు. లేని ఇనుము ఉన్నట్టు ఇన్వర్టర్ నటిస్తుంది. ఝాంగ్, వైస్ 2011లో దానికి సింక్రోన్‌వర్టర్ అని పేరు పెట్టారు. ఇంకో దారిలో, తనంతట తాను ఊగేవాటిని వర్ణించే వాన్ డెర్ పోల్ సమీకరణాన్నే చిప్‌లో ఎక్కించారు. 1920ల్లో రేడియో వాల్వుల కోసం పుట్టిన సమీకరణం అది, గుండె కొట్టుకోవడానికీ నమూనాగా వాడారు. సౌత్ ఆస్ట్రేలియాలో ఆ చీకటి తర్వాతి ఏడాదే పెట్టిన హార్న్స్‌డేల్ బ్యాటరీ 2022 నుంచి ఇలా కృత్రిమ జడత్వం ఇస్తోంది.

తేలని చిక్కు ఒకటుంది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ఇనుప జనరేటర్ క్షణకాలం మామూలుకు ఐదారు రెట్లు కరెంటు తోస్తుంది, రిలేలు (లైనును కాపాడే స్విచ్‌లు) దాన్ని చూసే తప్పు ఎక్కడుందో పట్టుకుంటాయి. ఇన్వర్టర్ ఒకటిన్నర రెట్లు దాటిస్తే ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి. తన్ను తాను కాపాడుకోవడానికి కరెంటుకు కళ్లెం వేసుకున్న క్షణంలోనే అది సొంత తాళం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు వస్తున్న పరిశోధన పత్రాల్లో చాలా భాగం ఈ కళ్లెం గురించే.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైనప్పుడు "సోలార్ వల్ల బరువు తగ్గి కూలింది" అని మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. తర్వాతి దర్యాప్తుల్లో ప్రధానంగా తేలింది వోల్టేజీ అదుపు తప్పి పెరగడం, దానికి జనరేటర్లు ఒకదాని వెంట ఒకటి తెగిపోవడం. 2020 ఏప్రిల్ 5న రాత్రి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడూ ఇంతే, గ్రిడ్ పోతుందని ఒక వర్గం, దీపాల వేడికి వైరస్ చస్తుందని ఇంకో వర్గం. దాదాపు 31 వేల మెగావాట్ల భారం తగ్గింది. జలవిద్యుత్ కేంద్రాలు దిగి, మళ్లీ ఎక్కి, ఫ్రీక్వెన్సీని 49.70, 50.26 మధ్య పట్టి ఉంచాయి. వైరస్ సంగతి మీకు తెలుసు.

కొట్టాయన దసరాకు బ్యాటరీ, దానికి సరిపడే హైబ్రిడ్ ఇన్వర్టర్ కొన్నాడు. దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. గాలి కన్నాలకు అడ్డం రాకుండా కాస్త పక్కకు జరిపించాను, అంతకు మించి వాదించలేదు. ఇది లైను పోగానే ముందు లైనుతో చెయ్యి విడిపించుకుంటుంది, ఆ తర్వాత సొంత తాళంతో ఇల్లు నడుపుతుంది. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కొట్లో ఫ్యాను ఆగలేదు. అరగంటకు వీధి లైట్లు వెలిగాయి, పిల్లలు మళ్లీ అరిచారు.

"లైను వచ్చింది గదండీ, ఇదేంటి ఇంకా బ్యాటరీ మీదే ఉంది?" అన్నాడు.

"ఆగండి. ఆటలోకి తిరిగొచ్చిన మనిషి చటుక్కున చెయ్యి పట్టుకోదు. పక్కన నాలుగడుగులు వేస్తుంది."

ఇద్దరం గోడకున్న పెట్టె దగ్గర నిలబడ్డాం. పప్పు కొనడానికి వచ్చినావిడ కూడా ఏమైందోనని వచ్చి నిలబడింది. కాసేపటికి లోపల రిలే టక్కుమంది. ఫ్యాను వేగం మారలేదు.