ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది

పొద్దున్నే పాలకి బయల్దేరినప్పుడు బుద్ధిగా స్టార్ట్ అయిన కారు, పది నిమిషాల తర్వాత పాలబూత్ ముందు "టక్" అని ఊరుకుంది. మళ్లీ తాళం తిప్పాను. టక్. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ వీధంతా వినిపిస్తోంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. నాలుగోసారికి ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పదిసార్లు సెల్ఫ్ కొట్టాడు, పదిసార్లూ పలికింది.

"బ్యాటరీకి మూడేళ్లయింది కదా సార్, మార్చేద్దాం" అన్నాడు. మార్చాం. రెండు వారాలు మహారాజులా తిరిగాం. మూడో వారం మళ్లీ టక్.

ఆ రెండు వారాలే అసలు ఆచూకీ. నాకది చాలా ఆలస్యంగా తట్టింది.

కారులో విద్యుత్తు నడిచే దారుల్లో సెల్ఫ్ దారి తీరే వేరు. 1912 కాడిలాక్ కార్లలో వచ్చిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వెనక చార్లెస్ కెటరింగ్ ఆలోచన ఒకటుంది. ఆయన అంతకుముందు క్యాష్ రిజిస్టర్లకి మోటారు బిగించిన మనిషి. గల్లాపెట్టె తెరవడానికి మోటారు రోజంతా తిరగనక్కర్లేదు, క్షణకాలం గట్టిగా తోస్తే చాలు. ఇంజనుకీ అంతే. కొన్ని సెకన్లే కాబట్టి చిన్న మోటారుతో దాని తాహతుకి మించిన పని చేయించవచ్చు. నేటికీ పద్ధతి అదే. మామూలు పెట్రోలు కారు సెల్ఫ్ కూడా ఇంజనుని తిప్పేటప్పుడు నూటయాభై ఆంపియర్ల దాకా తాగేస్తుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి తీసుకునేది 10 ఆంపియర్ల దరిదాపు.

ఇప్పుడు దారిలో ఎక్కడో ఒక జాయింటు దగ్గర 0.02 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. మామూలు మల్టీమీటరుతో కొలిస్తే అంకె సున్నాలాగే కనిపించేంత తక్కువ. 10 ఆంపియర్లు దాని గుండా పోతే నష్టపోయేది 0.2 వోల్టులు, లైటు వెలుగులో తేడా కూడా తెలీదు. 150 ఆంపియర్లు పోతే 3 వోల్టులు. బ్యాటరీలో ఉన్నదే 12.6 వోల్టులు (ఆరు సెల్లులు, ఒక్కోదానికి 2.1 చొప్పున), అందులో నాలుగో వంతు దారిలోనే ఆవిరి. ఓమ్ సూత్రం పదో తరగతిలో అందరం బట్టీ పట్టిందే. "లైట్లు బాగానే వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు సమస్య కాదు" అని రోడ్డు పక్కన తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు, నాతో సహా.

మరి ఒకసారి పనిచేసి ఒకసారి మానడం ఎందుకు? కంటికి రెండు లోహపు ముఖాలు నున్నగా అతుక్కున్నట్టుంటాయి. లోతుగా చూస్తే రెండూ గుట్టలూ లోయలూ ఉన్న నేలలే. తగిలేది గుట్టల కొసలు మాత్రమే. విద్యుత్ కాంటాక్టుల మీద జీవితకాలం పనిచేసిన స్వీడన్ శాస్త్రవేత్త రాగ్నర్ హోమ్ చూపించింది ఇదే: కరెంటంతా ఆ కొద్దిపాటి చుక్కల గుండానే దూరి పోవాలి. బోల్టు కాస్త వదులైనా, మధ్యలో చిలుము పట్టినా చుక్కలు తగ్గుతాయి. ఇంజను వేడెక్కితే లోహం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, గతుకులో పడితే కదులుతుంది. ప్రతిసారీ కొత్త చుక్కలు తగులుకుంటాయి, పాతవి విడిపోతాయి. పలచటి ఆక్సైడ్ పొర వోల్టేజీ ఒత్తిడికి అప్పుడప్పుడు చిట్లుతుంది కూడా. నాలుగోసారి తాళం తిప్పితే పలకడం వెనక మన మొండితనంతో పాటు ఇదీ ఉంటుంది. లూజ్ కాంటాక్ట్ అని మనం తేలిగ్గా అనేసే మాటలో ఇంత కథ ఉంది.

ముందు చెవితో వినాలి. ఒక్క టక్ వేరు, టకటకటకటక వేరు. సెల్ఫ్ మీదుండే సోలనాయిడ్ (కరెంటు వస్తే లాగే అయస్కాంతం) పళ్లచక్రాన్ని ముందుకు తోసి, రాగి బిళ్లతో పెద్ద కరెంటుకి దారి తెరుస్తుంది. బ్యాటరీ నిజంగానే నీరసపడితే దారి తెరవగానే వోల్టేజీ పడిపోయి సోలనాయిడ్ వదిలేస్తుంది. భారం తగ్గగానే వోల్టేజీ లేచి మళ్లీ లాగుతుంది. గుక్కపట్టినట్టు వినిపించే టకటక అదే. ఒక్క టక్‌తో ఆగితే ఆ రాగి బిళ్ల కాలిపోయో, సెల్ఫ్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయో, కేబుల్ దారి పాడయ్యో ఉండాలి. సెల్ఫ్ మీద చిన్న సుత్తితో తడితే స్టార్ట్ అయిందంటే చాలామటుకు కార్బన్లే. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), క్లచ్ దగ్గరి స్విచ్చి చూడాలి. ఆటోమేటిక్ బండి అయితే గేరు స్విచ్చి. ఇంజను గిరగిరా తిరిగీ అందుకోకపోతే అది సెల్ఫ్ కథే కాదు. పెట్రోలు పంపు రిలే కావచ్చు, తాళంలోని చిప్‌ని బండి గుర్తుపట్టకపోవడం కావచ్చు. వేడిమీద మొరాయించి అరగంట చల్లారాక పలికే బండి అయితే నా అనుమానం ముందు ఇంజను తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీదికే పోతుంది. కొన్ని సెన్సర్లలోని సన్నటి తీగచుట్టలో తెగులుంటే వేడికి అది విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది.

ఈ జబ్బు బయటపడేది అది ఉన్న క్షణంలోనే. మనం చేసేదేమో ఆ క్షణంలో బానెట్ ఎత్తి, కేబుళ్లన్నీ ఊపి, టెర్మినళ్లని కొట్టి బండిని ఎలాగోలా కదిలించడం. సాక్ష్యం అక్కడే మాయమవుతుంది. బ్యాటరీ మార్చడం అయితే ఇక చెప్పనక్కర్లేదు, అన్ని కేబుళ్లూ విప్పి మళ్లీ బిగించడమే కదా. బాగైంది కొత్త బ్యాటరీ వల్లా, కేబుళ్లు కదిలినందువల్లా? నా రెండు వారాల మహారాజ భోగం ఆ కదలిక వల్లే.

రెండోసారి టక్ అన్నది అదృష్టవశాత్తూ ఇంటి ముందే. దేన్నీ ముట్టుకోకుండా మల్టీమీటరు తెచ్చాను. మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టాను. న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు.

"కొట్టనా నాన్నా?"

"కొట్టమ్మా. నేను చాలనేదాకా వదలకు."

మీటరు తీగలు రెండూ బ్యాటరీ సీసపు మొలల మీదే పెట్టాను, క్లాంపుల మీద కాదు. టక్, వెంటనే ఒక మూలుగు. మీటరులో 11.6. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బ్యాటరీ బలహీనమైతే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ తొమ్మిదికీ ఎనిమిదికీ దిగజారాలి. 11.6 అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా అడగట్లేదు. దారిలో అడ్డం ఉంది.

ప్లస్ వైపు మొల నుంచి సెల్ఫ్ బోల్టుకి కొలిస్తే 0.2. పర్వాలేదు. ఒక తీగ మైనస్ మొల మీద, రెండోది ఇంజను లోహం మీద పెట్టాను. రెండూ ఒకే ఎర్త్, సున్నాకి దగ్గరగా చూపించాలి. చూపించింది 5.1.

ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. సెల్ఫ్ తాగిన కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఒక లావు ఎర్త్ కేబులే దిక్కు. నా బండిలో అది బ్యాటరీ ట్రే కిందుగా పోయి గేర్‌బాక్స్ మీద బోల్టుకి బిగుస్తుంది. అది చెడితే కరెంటు ఊరుకోదు, గేరు కేబులో ఇంకోటో పట్టుకుని దారి వెతుక్కుంటుంది. అలా గేరు కేబుళ్లు వేడెక్కి కాలిన బండ్లున్నాయి. బ్యాటరీ మార్చినప్పుడు మెకానిక్ ఈ కేబుల్‌ని పక్కకి లాగి వంచాడు. ఆ లాగుడుకి రెండో కొస కాస్త జరిగి, కొత్త చుక్కలేవో తగులుకున్నాయి.

మైనస్ క్లాంపు విప్పి పక్కకి కట్టాకే చెయ్యి లోపల పెట్టాను. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. లేదంటే పానా జారి ప్లస్‌కీ బాడీకీ తగిలితే నిప్పులు రేగుతాయి, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. ఫోను లైటు వేసి చూస్తే బోల్టు చుట్టూ పచ్చటి పిండి. మాది కాకినాడ, ఉప్పుగాలి ఊరు. పన్నెండో నంబరు పానా వేశాను. బిగువుగా ఉండాల్సిన బోల్టు అరచుట్టు వేలితో తిప్పినట్టు తిరిగింది. కేబుల్ కొసన ఉన్న రింగుని, అది కూర్చునే చోటుని గరుకు కాగితంతో రాగి రంగూ లోహపు మెరుపూ వచ్చేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాజలీన్ పూశాను.

"కొట్టమ్మా."

స్టార్ట్ అయింది. అంతకుముందూ ఎన్నోసార్లు అయింది కాబట్టి అది నమ్మలేదు. ఆపించి, మీటరు తీగలు మళ్లీ మైనస్ మొల మీదా ఇంజను మీదా పెట్టి ఇంకోసారి కొట్టించాను. 0.1. మూడేళ్ల పాత బ్యాటరీ అప్పటికే ఎక్స్ఛేంజీలో పోయింది.