ఏరియేటర్ తెలిసినోళ్ళకి మురుగు శుద్ధి కొత్తేం కాదు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువున్న ఎవర్ని అడిగినా చెప్తారండి, భయమంతా తెల్లారుజామునే అని. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, పైగా ఆ నాచూ రొయ్యా అడుగున మడ్డిలో బాక్టీరియా అన్నీ కలిసి ఉన్నదంతా పీల్చేస్తాయి, డీఓ, అంటే నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది, అందుకే కరెంటు పోయిన క్షణం జనరేటర్ వేసైనా నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ తిప్పాలి. ఇది తెలిస్తే మురుగు శుద్ధి ప్లాంటు సగం అర్థమైపోయినట్టే.

మన ఇళ్ళలోంచి పోయే మురుగులో 99 శాతం పైగా నీళ్ళే. మిగతా ఆ కాస్త గంజి, నూనె, సబ్బు, మలం బాక్టీరియాకి మేత. అవి తినాలంటే ఆక్సిజన్ కావాలి, ఎంత కావాలో చెప్పేదే బీఓడీ. ఇళ్ళ మురుగులో అది లీటరుకి ఓ 250 మిల్లీగ్రాములు అనుకోండి, 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు పట్టుకోగలిగే ఆక్సిజన్ మాత్రం లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములే. అంటే ఒక్క బిందె మురుగు 33 బిందెల నీళ్ళ ఊపిరి తీసేస్తుంది! గాలిలోంచి మళ్ళీ కరుగుతుంది కానీ మెల్లగా. 5000 మంది ఉన్న ఊళ్ళో మనిషికి 55 లీటర్లే వాడినా, అందులో 80 శాతం మురుగైతే రోజుకి 2 లక్షల 20 వేల లీటర్లు.

మన దగ్గర ఇదంతా ఎక్కడికి పోతుంది? డ్రెయిన్లోకే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొలాలకి నీళ్ళిచ్చే కాలువలు వచ్చాయి, పొలాల్లో ఎక్కువైన నీళ్ళు పోడానికి మురుగు కాలువలున్నాయి, ఇప్పుడు వాటిలోనే ఊళ్ళ మురుగు కూడా. ఎండాకాలం కాలువలు కట్టేస్తే డ్రెయిన్లో పారే నీళ్ళు తగ్గుతాయి, మురుగు తగ్గదుగా. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ గట్టున కాసేపు నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. సెప్టిక్ ట్యాంకు కట్టించాంగా అంటారు చాలామంది, కానీ అందులో మడ్డి కిందకి దిగుతుందంతే, బయటికొచ్చే నీళ్ళలో మేతా ఉంటుంది, రోగాల క్రిములూ ఉంటాయి. వానాకాలంలో కాస్త తవ్వితే నీళ్ళొచ్చే నేల మనది, ఇంకుడు గుంట ఎంతని పీలుస్తుంది.

ప్లాంటు చేసేది ఏంటంటే, డ్రెయిన్లో జరిగే బాక్టీరియా తిండి కార్యక్రమాన్ని ముందే ఒక తొట్టిలో, మనం ఇచ్చే గాలితో పూర్తి చేయించడం. ముందు జల్లెడలో కవర్లూ గుడ్డలూ ఆగుతాయి, తర్వాత ఇసుక దిగుతుంది, ఆ పైన గాలి తొట్టి. అక్కడ గాలి ఊదే బ్లోయరో ఏరియేటరో తిరుగుతుంటే బాక్టీరియా మేత తిని ముద్దలు కడతాయి, పక్క తొట్టిలో ఆ ముద్దలు కిందకి దిగుతాయి, పైన తేట నీరు. నాకు బాగా నచ్చేది దీని తర్వాతి పని. 1914లో ఆర్డెర్న్, లాకెట్ అని ఇద్దరు మాంచెస్టర్‌లో ఆ దిగిన మడ్డిని పారెయ్యకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపి చూపించారు, వారాలు పట్టే శుద్ధి గంటల్లోకి వచ్చేసింది. మన పెరుగు తోడే అండి! నిన్నటిది కాస్త దాచి ఇవాళ్టి పాలలో వెయ్యడం. మిగిలిన మడ్డి ఆరబెడతారు, తేట నీళ్ళకి క్లోరిన్ వేసి వదుల్తారు.

కరెంటు ఖర్చు భరించలేని ఊళ్ళకి లోతు తక్కువ చెరువులు వరసగా తవ్వి నాచూ ఎండా పని చేసేలా వదిలే పద్ధతి ఉంది, మనకి ఎండకేం కొదవ లేదు, కానీ స్థలం చాలా కావాలి, కోనసీమలో సెంటు రేటు చూస్తే పంచాయతీ వాళ్ళకి కష్టమే.

ప్లాంటు బాగుందో లేదో తెలుసుకోడానికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. గాలి తొట్టిలోంచి ఒక లీటరు జాడీ ముంచి అరగంట కదపకుండా పెడతారు. చాక్లెట్ రంగు మడ్డి పావు జాడీకి దిగి పైన నీళ్ళు తేటగా ఉంటే అన్నీ బానే ఉన్నట్టు, నల్లగా ఉండి కుళ్ళు వాసనొస్తే లోపల ఊపిరాడట్లేదు, వెంటనే బ్లోయర్ చూసుకోవాలి.