సిస్టర్ కంప్యూటర్‌లో ఏం రాసింది?

పద్మారావునగర్,
హైదరాబాదు.

చిట్టికీ, చిన్నోడికీ,

డెంగీ తగ్గి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. మీ అమ్మమ్మ కాచిన జావ తాగుతూ, వసారాలో వాన చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రిలో చిట్టి అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "తాతయ్యా, ఆ సిస్టర్ నీ దగ్గరికొచ్చి, నిన్ను వదిలేసి బండి మీది కంప్యూటర్‌నే చూస్తుందేంటి?" అన్నావు. అప్పుడు చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతాను.

ముందు మన వంటింట్లోకి వెళ్దాం. పోపుల పెట్టెలో ఏడు గిన్నెలుంటాయి కదా. కరెంటు పోయినా మీ అమ్మమ్మ చీకట్లోనే ఆవాలు తీసి పోపు పెట్టేస్తుంది. పెళ్ళైన నాటి నుంచీ ఆవాల జాగా మారలేదు మరి. మొన్న నేను ఆస్పత్రిలో ఉండగా మీ పిన్ని వచ్చి, అయిపోయిన ఆవాల గిన్నెలో మెంతులు నింపింది. మర్నాడు చారు చేదు! మెంతులు మంచివే, పిన్నీ మంచిదే. గిన్నె మారింది, అంతే.

ఇంకో చిక్కుంది. మనం వెల్లుల్లి అంటాం. కింది వాటా ఆంటీ ఎల్లిగడ్డ అంటుంది. మీ నాయనమ్మ ఎల్లిపాయ అంటుంది. మనుషులం కాబట్టి అర్థం చేసుకుంటాం. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు వేరువేరు వస్తువులు. నర్సుల రాతలూ అంతే. ఒకరు "నాలుక పిడచకట్టింది" అని రాస్తారు, ఇంకొకరు "నీళ్ళు తాగటం లేదు" అని, మరొకరు "డీహైడ్రేషన్" అని. వెయ్యి మంది నర్సులు పదేళ్ళు రాసిన కాగితాలన్నీ పోగేసినా, ఏం చేస్తే రోగి కోలుకున్నాడో లెక్క తేలదు.

ఈ చిక్కు విప్పాలని ఒక నర్సు కూర్చుంది. పేరు వర్జీనియా సాబా. అమెరికా ప్రజారోగ్య శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చేరింది. కంప్యూటర్ అంటే ఇంజనీర్ల సొత్తు అనుకునే 1986లోనే, నర్సుల కోసం కంప్యూటర్ పాఠ్యపుస్తకం మరొకరితో కలిసి రాసింది. 1988 నుంచి 1991 వరకు, ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసుకునే నర్సులు తమ మాటల్లో రాసుకున్న రాతలు వేలకొద్దీ తెప్పించి, ఒకే అర్థం ఉన్నవన్నీ ఒకచోట చేర్చింది. అలా తయారైన మాటల పెట్టెలో ఇప్పుడు 21 అరలున్నాయి. ఒక్కో అరకు ఒక్కో అక్షరం. ఎఫ్ అంటే ఒంట్లో నీరు, ఎల్ అంటే ఊపిరి, ఆర్ అంటే చర్మం. నర్సు చేసే పనికీ నాలుగు గుర్తులు పెట్టింది. నా జ్వరం చూడటం ఒకటి, సెలైన్ ఎక్కించటం ఒకటి, నాకు నీళ్ళెన్ని తాగించాలో అమ్మమ్మకు నేర్పటం ఒకటి, డాక్టర్‌కు కబురు పెట్టటం ఒకటి. ప్రతి ఆస్పత్రిలో ఇదే పెట్టె ఉంటుందని కాదు గానీ, ఆలోచన ఇదే. ఆ తర్వాత 1992లో అమెరికా నర్సుల సంఘం, నర్సుల రాతల్ని కంప్యూటర్‌తో చక్కదిద్దే ఇలాంటి పనిని నర్సింగ్‌లో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించింది.

నాకు ఇదంతా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మను ఒక ఆస్పత్రిలో చేర్చారు. మంచం కాళ్ళ దగ్గర అట్టకు తగిలించిన కాగితం మీద సిస్టర్ ఎర్ర పెన్సిల్‌తో జ్వరం గీత గీసేది. బడి నుంచి పరుగెత్తుకొచ్చి ముందు ఆ గీతనే చూసేవాణ్ణి. కిందికి దిగితే ఆ రోజు నాకు పండగ. ఒక ఇంజెక్షన్ పడక అమ్మ ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే, సిస్టర్ ఆ సంగతీ రాసిపెట్టింది. వార్డు మార్చినప్పుడు ఆ కాగితం ఎక్కడో జారిపోయింది. కొత్త వార్డులో మళ్ళీ అదే ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి అందక అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది. బతికింది, దేవుడి దయ. కాబట్టి చిట్టీ, సిస్టర్ తెర వైపు చూస్తుంటే నన్ను వదిలేసిందనుకోకు. పొద్దున డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు నన్ను జాగ్రత్తగా అప్పజెబుతోంది.

ఒక్కటి మాత్రం నేనింకా తలుచుకుంటూనే ఉన్నాను. రెండో రోజు రాత్రి రెండు గంటలకు నాకు మెలకువ వచ్చింది. సిస్టర్ నుదుటి మీద చెయ్యి వేసి, "భయంగా ఉందా తాతా?" అంది. ఉందన్నాను. కాసేపు అలాగే నిలబడి, తర్వాత బండి దగ్గరికెళ్ళి ఏదో కొట్టింది. సాబా పెట్టెలో భయానికి కూడా ఒక జాగా ఉందర్రా!

ఆదివారం మీరొచ్చినప్పుడు ఒక పని చేయండి. పోపుల పెట్టె మూత తీసి, ఏడు గిన్నెల పేర్లూ కాగితం మీద రాయండి. అది పట్టుకుని కింది వాటాకూ, ఎదురింటికీ వెళ్ళి, వాళ్ళు వేటిని ఏమంటారో అడిగి పక్కన రాసుకు రండి. నేను వసారాలోనే ఉంటాను.

మీ తాతయ్య