సున్నం పూసిన చింతపిక్క

2025 ఫిబ్రవరి 9న కటక్ బారాబతి స్టేడియంలో ఇంగ్లండ్ మీద రోహిత్ శర్మ 90 బంతుల్లో 119 కొట్టాడు. ఆ రాత్రి ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వీధి వీధంతా టీవీల ముందే ఉంది. మధ్యలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయి ఆట ఆగితే, మా మేనల్లుడు చానల్ మార్చనివ్వలేదు సరికదా, కుర్చీలోంచి నన్ను లేవనివ్వలేదు. లేస్తే వికెట్ పడుతుందట. డిగ్రీ చదువుతున్న కుర్రాడండీ. మూడు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో అదే రోహిత్ 1కి ఔటయ్యాడు, ఆ రోజు కూడా నేను అదే కుర్చీలో ఉన్నాను. కటక్‌కి ముందు నాగపూర్‌లో చేసింది 2.

"ఏటి మావయ్యా, 2, 119, 1. ఇతగాణ్ణి ఎలా నమ్మడం? ఓపెనర్ అన్నవాడికి నిలకడ ఉండక్కర్లేదా?" అన్నాడు.

ప్రశ్న చిన్నదే గానీ నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నిలకడ అనే మాట అందరం వాడేస్తాం, దాన్ని కొలవమంటే మాత్రం అందరం సగటు చెబుతాం. సగటు వేరు, నిలకడ వేరు. సగటు 45 ఉన్నవాడు రోజూ 45 చుట్టుపక్కలే కొట్టాలని మన మనసులో ఎక్కడో ఉంటుంది. అది జరగదు. జరగకపోవడానికి బ్యాట్స్‌మన్ గుణం కారణం కాదు, ఆట కట్టుబడే అలాంటిది. అది చూపించడానికి వంటింట్లోకి వెళ్లి చింతపిక్కలు తెచ్చాను.

45 పిక్కలు, వాటితో పాటు సున్నం పూసిన పిక్క ఒకటి. మొత్తం 46, గుడ్డసంచిలో వేశాం. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. నల్లపిక్క వస్తే ఒక పరుగు, మళ్లీ సంచిలో వేసి కలిపేయాలి. తెల్లపిక్క వస్తే ఔట్, ఇన్నింగ్స్ అయిపోయింది. ఇలా వందలసార్లు ఆడితే ఇన్నింగ్స్‌కి సగటున 45 పరుగులొస్తాయి, అందులో అనుమానం లేదు. ఇప్పుడు గమనించండి, ఈ సంచికి ఫామ్ లేదు, టెన్షన్ లేదు, పెళ్లాంతో గొడవ లేదు, పొద్దున ఏ కాలు ముందు పెట్టి లేచిందన్న బెంగ లేదు. ఇంతకంటే నిలకడైన బ్యాట్స్‌మన్ ఈ భూమ్మీద దొరకడు, ఎందుకంటే ప్రతి పరుగు దగ్గరా వాడు ఔటయ్యే అవకాశం అచ్చంగా 46కి 1, ఎప్పుడూ మారదు.

మా వాడు ఆడటం మొదలుపెట్టాడు. మొదటిది 17. రెండోది 4. మూడోది కూడా పది దాటలేదు. నాలుగోది వంద దాటి ఇంకా పోతూనే ఉంటే మా అక్క వచ్చి, పరీక్షల ముందు ఈ పిక్కలాట ఏమిటని ఇద్దరినీ కలిపి తిట్టింది.

లెక్క కట్టి చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఈ సంచి ఐదు ఇన్నింగ్స్‌లో ఒకటి పది లోపే ముగిసిపోతుంది. సగానికి సగం ఇన్నింగ్స్ 31కో, అంతకంటే తక్కువకో అయిపోతాయి, సగటు 45 అయినా సరే. తొమ్మిదింటికి ఒకటి మాత్రం వంద దాటుతుంది, సగటును పైకి లాగేది అదే. ఇక ప్రామాణిక విచలనం, అంటే స్కోర్లు సగటుకి అటూ ఇటూ ఎంత ఊగుతాయన్న కొలత, 45ని 46తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది: 45.5. సగటు ఎంతో ఊగు అంత! మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో కనీసం రెండుసార్లు పది లోపు ఔటవడం ఈ సంచికి పదికో సిరీస్‌లో జరుగుతుంది. 2, 119, 1 చూసి మనం గుండెలు బాదుకున్నాం గానీ, సంచి అయితే పట్టించుకోదు.

(ఊగు అని నేను పెట్టుకున్న పేరే. నేను లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియాలో సగటుని మాధ్యమాన అని, మధ్యగతాన్ని, అంటే అంకెలు వరసగా పేరిస్తే నడుమ పడేదాన్ని, మధ్యమా అని చదువుకుంటారు, పరీక్షలో ఒకటి అడిగితే రెండోది రాసి వస్తారు. తెలుగు పుస్తకం తీస్తే ప్రామాణిక విచలనం. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో కూర్చుని ఆ మాట పలకాలంటే నాకే నోరు తిరగదు.)

ఈ సంచి ఊహ నాది కాదు. జి.హెచ్. వుడ్ అనే ఆయన 1945లోనే రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో క్రికెట్ స్కోర్లకీ గుణశ్రేఢికీ (ప్రతి అంకెనీ ఒకే అంకెతో గుణిస్తూ పోయే వరసకి) ఉన్న చుట్టరికం మీద వ్యాసం రాశాడు. చింతపిక్కలు మాత్రం మావే.

సంచి సంగతి సరే, మనుషులు అలా ఆడతారా? సచిన్‌ని తీసుకోండి. వన్డేల్లో 452 ఇన్నింగ్స్, సగటు 44.83, అంటే దాదాపు మన సంచే. (అన్నీ ఓపెనర్‌గా ఆడినవి కావు. 1994 మార్చిలో ఆక్లండ్‌లో సిద్ధూ మెడ పట్టేస్తే మొదటిసారి ఓపెనింగ్‌కి వెళ్లి 49 బంతుల్లో 82 కొట్టాడు, అక్కణ్ణుంచి కథ మారింది.) మన సంచిని 452 సార్లు ఆడిస్తే వందలు 50 రావాలి. సచిన్ చేసినవి 49. యాభై, ఆపైన స్కోర్లు 150 రావాలి. సచిన్‌వి 145. ఈ రెండు అంకెలు మొదటిసారి పక్కపక్కన రాసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇప్పుడు రాస్తున్నా అంతే. కోట్లమంది దేవుడన్న మనిషి స్కోర్లు, వంటింటి సంచి స్కోర్లు ఇంత దగ్గరగా! దక్షిణాఫ్రికా హషీమ్ ఆమ్లాని చూడండి, నిలకడ అంటే ఆమ్లా పేరే చెబుతారు, దాదాపు అన్నీ ఓపెనర్‌గా ఆడినవే. 178 ఇన్నింగ్స్, సగటు 49.46. ఆ సగటున్న సంచికి యాభై, ఆపైనవి 65 రావాలి, ఆమ్లావి 66. వందలు 24 రావాలి, ఆమ్లావి 27. కాస్త ఎక్కువే, అయినా సంచిని వదిలి పారిపోయేంత కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది, ఎవరికి కోపమొచ్చినా సరే: ఓపెనర్ నిలకడ అని మనం మెచ్చుకునేది చాలావరకు సగటునే, మారుపేరుతో. ఆమ్లా ఎక్కువసార్లు ఆదుకున్నట్టు అనిపించడానికి కారణం ఆయన ఊగు తక్కువని కాదు, ఆయన సంచిలో నల్లపిక్కలు ఎక్కువ.

అయితే ఒక చోట సంచి బోర్లా పడుతుంది. సున్నా దగ్గర. సచిన్‌కి మన లెక్క ప్రకారం డకౌట్లు 10 రావాలి, ఉన్నవి 20. రెట్టింపు! నాకు అసలు ఆసక్తి ఇక్కడే. ఒకటి, బ్యాట్స్‌మన్ సున్నా మీద నాలుగైదు బంతులు గడుపుతాడు, పరుగుకి ఒక పిక్క అని మనం పెట్టుకున్న లెక్కలో ఆ బంతులన్నీ ఒక్క పిక్కలోకే ఇరుక్కుంటాయి. రెండు, కన్ను కుదరకపోవడం. కొత్త బంతి, స్లిప్‌లో మనుషులు, పిచ్ ఎలా ఉందో ఇంకా తెలియదు. అంటే మొదట్లో సంచిలో తెల్లపిక్కలు రెండో మూడో ఉంటాయి, ఆట సాగేకొద్దీ ఒక్కొక్కటీ బయటికి వచ్చేస్తుంది. 2011 అక్టోబర్ నుంచి రెండు వైపుల నుంచీ రెండు కొత్త బంతులు వేయించారు కాబట్టి ఓపెనర్‌కి ఆ తెల్లపిక్కలు ఇంకాస్త సేపు ఉంటాయనే నేననుకుంటాను. ఓపెనర్ల మధ్య తేడా వెతకాలంటే ఇక్కడ వెతకాలి. మొదటి ఇరవై బంతుల్లో ఎన్ని తెల్లపిక్కలు, ఆ తర్వాత ఎన్ని, రెండు అంకెలు విడివిడిగా. ఒకే సగటున్న ఇద్దరిలో ఒకడు మొదట్లోనే చిక్కుతాడు, దాటితే ఇక దొరకడు. రెండోవాడు ఎప్పుడైనా చిక్కుతాడు. జట్టుకి వాళ్లిద్దరూ ఒకటి కాదు.

కొన్ని మ్యాచ్‌లు చూసి తీర్పు చెబితే ఏమవుతుందో 2019 ప్రపంచ కప్‌లో చూడండి. ఇద్దరు ఓపెనర్లు, మన రోహిత్ 648, ఆస్ట్రేలియా వార్నర్ 647. ఒక్క పరుగు తేడా! రోహిత్ వరసగా: 122 నాటౌట్, 57, 140, 1, 18, 102, 104, 103, 1. వార్నర్: 89 నాటౌట్, 3, 56, 107, 26, 166, 53, 16, 122, 9. మొత్తం పరుగుల్ని ఔటైన సార్లతో మాత్రమే భాగించి పుస్తకం చెప్పే సగటు 81, 71.88, ఇన్నింగ్స్‌కి పంచితే 72, 64.7. ఊగు చూస్తే రోహిత్‌ది 50.8, వార్నర్‌ది 51.9, అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఇక స్కోర్లని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడుమ ఉన్నది తీయండి, అదే మధ్యగతం. రోహిత్‌ది 102, వార్నర్‌ది 54.5. ఇంకేం, తేలిపోయింది, రోహిత్ రెట్టింపు నిలకడ అని మా వాడు ఎగిరాడు.

ఆగరా నాయనా. బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద రోహిత్ 4 పరుగుల దగ్గర ఉండగా స్లిప్‌లో జో రూట్ క్యాచ్ వదిలేశాడు, తర్వాతే ఆ 102. రూట్ చేతిలో ఆ బంతి నిలిచి ఉంటే 102 బదులు 4. మళ్లీ పేర్చి చూడు: 1, 1, 4, 18, 57, 103, 104, 122, 140. నడుమన ఉన్నది 57. ఒక్క క్యాచ్‌తో మధ్యగతం 45 పరుగులు జారిపోయింది, సగటు 72 నుంచి 61కి దిగింది, అంతే. నిలకడని కొలవడానికి మధ్యగతం మంచిదంటారు, నిజమే, కానీ తొమ్మిది ఇన్నింగ్స్‌లో అది కొలిచింది రూట్ చేతుల్ని.

అయితే ఎన్ని ఇన్నింగ్స్ కావాలి? ఊగుని ఇన్నింగ్స్ సంఖ్య వర్గమూలంతో భాగించాలి. ఊగు 45, ఇన్నింగ్స్ 9 అయితే 45ని 3తో భాగించాలి, అంటే మనం చూసిన సగటులో అటో ఇటో 15 తప్పు మామూలే. ఆ తప్పు 5కి దిగాలంటే 81 ఇన్నింగ్స్ చూడాలి. ఏడాదికి ఇరవై వన్డేలు ఆడినా నాలుగేళ్లు పడుతుంది, ఈలోపు సెలక్టర్లే మారిపోతారు. అందుకే ఐదు మ్యాచ్‌లు చూసి ఫామ్ పోయిందన్నా, వచ్చిందన్నా నేను నవ్వి ఊరుకుంటాను. సంచి కూడా వరసగా మూడుసార్లు ఇరవై లోపు ఔటవుతుంది, ఇరవై రెండుసార్లకి ఒకసారి.

వేగం గురించి నేను మాట్లాడలేదని మీరు అడగొచ్చు. నిజమే, సంచికి బంతుల లెక్క తెలియదు. 1975 ప్రపంచ కప్‌లో లార్డ్స్‌లో గవాస్కర్ ఓపెనర్‌గా వచ్చి 60 ఓవర్లూ నిలబడి 174 బంతుల్లో 36 నాటౌట్ చేశాడు. తెల్లపిక్క రానే లేదు, సగటు దెబ్బతినలేదు, ఇంగ్లండ్ 334కి మనం 132. దానికి రెండో సంచి కావాలి, అది ఇంకోసారి.

మా వాడు అన్నీ విని తల ఊపాడు. వాళ్ల వీధి జట్టుకి ఓపెనర్లని ఎంచడానికి పిల్లలందరి స్కోర్లూ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు కూడా. మొన్న ఆదివారం వాడు టెన్నిస్ బంతి మ్యాచ్‌కి వెళ్లాక సంచి తీసి పిక్కలు లెక్కపెట్టాను. నలభై ఐదే ఉన్నాయి. సాయంత్రం చొక్కా జేబులోంచి తెల్లపిక్క తీసి ఇస్తూ, "నాది ఓపెనింగ్ కదా మావయ్యా" అన్నాడు.