వడ్డీ వద్దన్నవాళ్ల డబ్బు ఎక్కడుంది

పిల్లలూ,

పాకిస్తాన్‌లో నూటికి 96 మంది దాకా ముస్లింలే కదా, ఇస్లాంలో వడ్డీ తీసుకోవడం ఇవ్వడం రెండూ తప్పంటారు కదా, మరి అక్కడ మామూలు బ్యాంకులు ఎలా నడుస్తున్నాయి, జనం నిజంగా వడ్డీలేని బ్యాంకు కావాలంటున్నారా లేక మాటవరసకి అంటున్నారా అని అడిగారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు జనమంతా అదే కావాలంటున్నారు అంటారు, కొందరు అదంతా పేరు మార్చిన వడ్డీయే, ఎవరిక్కావాలి అంటారు. నాకైతే రెండూ సగం మాటలే అనిపిస్తాయి. కాస్త ఓపిగ్గా చదవండి, మధ్యలో లెక్కలొస్తాయి, పెద్ద కష్టమైనవేం కాదు.

ముందు జనం ఏమన్నారో చూద్దాం. 2014లో అక్కడి సెంట్రల్ బ్యాంకు, అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో చేయించిన ఒక పెద్ద సర్వే బయటపెట్టింది. ఇస్లామిక్ బ్యాంకింగ్, అంటే వడ్డీలేని బ్యాంకింగ్, కావాలా అంటే ఇళ్లవాళ్లలో 95 శాతం, వ్యాపారాల్లో 73 శాతం కావాలన్నట్టు తేలింది. ఇది చూసి చాలామంది ఎగిరి గంతేశారు. కానీ 2023 నాటికి కూడా ఆ దేశం మొత్తం బ్యాంకుల ఆస్తుల్లో ఇస్లామిక్ బ్యాంకింగ్ వాటా ఐదో వంతు చుట్టుపక్కలే, డిపాజిట్లలో ఇంకాస్త ఎక్కువ. అంటే కావాలన్నవాళ్లు నూటికి తొంభై పైన, ఆ బ్యాంకుల్లో ఉన్న డబ్బు నూటికి ఇరవై చిల్లర. మరి మిగతా డబ్బంతా ఏమైనట్టు?

ఇక్కడ తొందరపడి వీళ్లు చెప్పేదొకటి చేసేదొకటి అనుకోకండి. ఎవరైనా ఇంటికొచ్చి మీ మతం తప్పన్న పని చేయని బ్యాంకు మీకు కావాలా అని అడిగితే వద్దు అని ఎవరంటారు? ఆ ప్రశ్నకి ఖర్చు లేదు, ఔననడానికి ఏ కాగితం మీదా సంతకం పెట్టక్కర్లేదు. అసలైన ప్రశ్న వేరు, ఆ బ్యాంకు మీ ఊళ్లో ఉందా, ఉంటే మామూలు బ్యాంకు కన్నా తక్కువ వచ్చినా అక్కడే వేస్తారా, నష్టం వస్తే భరిస్తారా. ఈ మూడూ అడిగితే 95 కాస్తా ఎంతకి దిగుతుందో మీరే ఊహించుకోండి. ఇంకో సంగతి, వరల్డ్ బ్యాంక్ లెక్కల ప్రకారం 2021లో పాకిస్తాన్‌లో పెద్దవాళ్లలో అకౌంటు ఉన్నవాళ్లే 21 శాతం, అదీ మొబైల్ అకౌంట్లు కలిపి. మిగతావాళ్లలో ఎక్కువమందికి దాచడానికి డబ్బే లేదు, లేదా బ్యాంకు దూరం, లేదా కాగితాలు లేవు. వాళ్లకి వడ్డీ మాట తర్వాత సంగతి.

అసలు వడ్డీ లేకుండా బ్యాంకు ఎలా నడుస్తుంది అన్నది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మీరు వెయ్యి రూపాయలు వేస్తే సంవత్సరానికి ఇంత అని ముందే రాసిస్తే అది వడ్డీ. అలా కాకుండా, నీ డబ్బు నేను వ్యాపారంలో పెడతాను, లాభం వస్తే నీకింత వంతు నాకింత వంతు, నష్టం వస్తే, నేను నిర్లక్ష్యం చేయకపోతే, అది నీ డబ్బులోంచే పోతుంది అని ఒప్పుకుంటే అది ముదారబా. సేవింగ్స్ అకౌంట్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే ఉంటాయి. అప్పుల వైపు ఇంకో రకం. మురాబహా అంటే బ్యాంకు సరుకు కొని, దాని మీద లాభం ఎంతో మీకు చెప్పి, వాయిదాల మీద మీకే అమ్ముతుంది. ఇజారా అంటే బ్యాంకు కారు కొని మీకు అద్దెకిస్తుంది. ఇల్లు కొనాలంటే తగ్గుతూ పోయే భాగస్వామ్యం, కోటి రూపాయల ఇంట్లో మీరు 20 లక్షలు, బ్యాంకు 80 లక్షలు పెట్టారనుకోండి, ఇల్లు ఇద్దరిదీ, బ్యాంకు వాటాకి మీరు అద్దె కడుతూ దాని వాటాని కొంచెం కొంచెంగా కొనుక్కుంటూ పోతారు, చివరికి ఇల్లు పూర్తిగా మీదవుతుంది.

వినడానికి బావుంది కదా, ఇక్కడే జనానికి అనుమానం మొదలవుతుంది. ఆ అద్దె ఎంత అన్నది ఎలా లెక్కేస్తారంటే, కరాచీ బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే రేటు ఒకటుంది, కైబోర్ అంటారు, దానికి ఇంత కలిపి. మామూలు బ్యాంకు ఇంటి లోన్ కూడా కైబోర్ ప్లస్ ఇంతే. నెల చివర కట్టేది దగ్గరదగ్గర అంతే అయినప్పుడు మామూలు మనిషి తేడా ఏంటి అనే అడుగుతాడు. షరియా పండితులు చెప్పే జవాబు ఏంటంటే, లెక్కకి ఏ కొలబద్ద వాడామన్నది కాదు, ఒప్పందం ఏంటన్నది ముఖ్యం, అద్దె ఒప్పందంలో ఇల్లు కూలిపోతే బ్యాంకు వాటా నష్టం బ్యాంకుదే, లోన్‌లో అయితే ఇల్లు పోయినా అప్పు పోదు అని. నిజమే, తేడా ఉంది. కాకపోతే ఆ తేడా ఇల్లు కూలిన రోజున గానీ కనపడదు, నెలనెలా కట్టేవాడికి కనపడేది వాయిదా ఒక్కటే, వాడిని తప్పుపట్టి ఏం లాభం.

ఈ అనుమానం ఊరికే రాలేదు, దీని వెనక చాలా కథ ఉంది. 1948 జూలై 1న స్టేట్ బ్యాంకు ప్రారంభించినప్పుడే జిన్నా ఇస్లాం ఆదర్శాలకి తగ్గ బ్యాంకింగ్ పద్ధతులు కనిపెట్టాలన్నాడు. 1973 రాజ్యాంగంలో వీలైనంత త్వరగా రిబా, అంటే వడ్డీ, తీసేయాలని రాసుకున్నారు. సైనిక పాలకుడు జనరల్ జియా కాలంలో 1981 నుంచి బ్యాంకుల్లో లాభనష్టాల పంపకం అని కొత్త కౌంటర్లు తెరిచి, 1985 జూలై నుంచి దేశంలో రూపాయల డిపాజిట్లన్నీ ఆ లెక్కలోకే మార్చేశారు. అంటే ఆ రోజు నుంచి కాగితాల మీద రూపాయి అకౌంట్లలో వడ్డీ లేదు! కానీ అకౌంటు పేరు మారింది తప్ప బ్యాంకు పని మారలేదు, వ్యాపారులకి మార్కప్ అని పేరు పెట్టి అదే అప్పు ఇచ్చారు. 1991లో, చట్టాలు ఇస్లాంకి తగ్గట్టున్నాయా అని చూసే ఫెడరల్ షరియత్ కోర్టే ఇది చెల్లదంది, 1999లో సుప్రీంకోర్టు బెంచ్ కూడా అదే చెప్పి గడువు పెట్టింది, 2002లో మళ్లీ ఆ తీర్పు పక్కనపెట్టి కేసు వెనక్కి పంపేశారు. ఆ కేసు తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఒక తరం జనం అకౌంటు బుక్కు మీద లాభం అని రాసి ఉండగా వడ్డీ తీసుకుంటూ పెద్దవాళ్లయ్యారు, మరి ఇప్పుడు కొత్త బోర్డు పెట్టి ఇది నిజంగా వేరే అంటే నమ్మడానికి టైం పట్టదా చెప్పండి.

ఇప్పుడున్న పద్ధతి 2002 తర్వాతది. ఈసారి అందరినీ ఒకేసారి మార్చకుండా, రెండు రకాలూ పక్కపక్కనే నడవనిద్దాం, ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకుంటారు అన్నారు. మీజాన్ బ్యాంకుకి ఆ ఏడాదే మొదటి ఇస్లామిక్ కమర్షియల్ బ్యాంకుగా లైసెన్స్ వచ్చింది, ఈ రోజు దేశంలోని పెద్ద బ్యాంకుల్లో అదొకటి. ఫైసల్ బ్యాంకు అయితే మామూలు బ్యాంకుగా ఉండి ఒక్కో బ్రాంచీ మార్చుకుంటూ వచ్చి 2023 జనవరి నుంచి పూర్తిగా ఇస్లామిక్ అయిపోయింది. గిరాకీ లేకపోతే ఏ బ్యాంకూ ఇంత ఖర్చు పెట్టి మారదు, నాకు సర్వే కన్నా ఇదే పెద్ద సాక్ష్యం.

ఇంకా పెద్ద సాక్ష్యం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. పాకిస్తాన్ బ్యాంకుల్లో ఉన్న డబ్బులో చాలా పెద్ద భాగం కరెంట్ అకౌంట్లలో ఉంటుంది, అంటే పైసా వడ్డీ రాని అకౌంట్లలో. వ్యాపారస్తులవి ఎలాగూ ఉంటాయి అనుకోండి. కానీ మామూలు జీతగాళ్లు, పెన్షన్‌వాళ్లు కూడా సేవింగ్స్ వద్దు, కరెంట్ అకౌంటే తెరవండి, మాకు వడ్డీ వద్దు అని అడిగి మరీ తెరుచుకుంటారు. (ఇంకో కారణం కూడా ఉందిలెండి. 1980 నాటి చట్టం ప్రకారం రంజాన్ మొదటి రోజున సేవింగ్స్ అకౌంట్లలో ఒక పరిమితి దాటి ఉన్న డబ్బు మీద రెండున్నర శాతం జకాత్, అంటే ముస్లింలు ఏటా ఇవ్వాల్సిన దానం, కింద బ్యాంకే కోసేస్తుంది, కరెంట్ అకౌంటు జోలికి రాదు. రంజాన్‌కి ముందు రోజు డబ్బు తీసేసుకుని తర్వాత మళ్లీ వేసేవాళ్లు కూడా ఉన్నారు, భక్తి ఒకవైపు లెక్క ఒకవైపు.) ఈ కరెంట్ అకౌంటు వాళ్ల సంగతి ఆలోచించండి. వడ్డీ పాపమని వదులుకున్నారు, సరే. ఆ డబ్బు బ్యాంకు లోపల ఖాళీగా కూర్చోదు కదా, బ్యాంకు దాన్ని తీసుకెళ్లి ప్రభుత్వానికి వడ్డీకిస్తుంది, ఆ వడ్డీ అంతా బ్యాంకుదే. 2023 జూన్ నుంచి ఏడాది పాటు అక్కడ పాలసీ రేటు, అంటే సెంట్రల్ బ్యాంకు పెట్టే మూల వడ్డీ రేటు, 22 శాతం ఉండేది. అంటే భయభక్తులతో వడ్డీ వద్దన్నవాడు తన వంతు బ్యాంకుకి ఉచితంగా ఇచ్చేసినట్టే. సర్వేలో ఔను అనడానికి ఖర్చు లేదన్నాను కదా, ఇక్కడ మాత్రం ఖర్చు నిజంగా ఉంది, అయినా జనం భరిస్తున్నారు. అందుకే అదంతా మాటవరసకే అన్నవాళ్లతో నేను ఒప్పుకోను.

అయితే ఇస్లామిక్ బ్యాంకులోకి వెళ్తే వాళ్లకి న్యాయం జరిగిందా అంటే, చాలాకాలం అంతంతమాత్రమే. మామూలు బ్యాంకు సేవింగ్స్ మీద కనీసం ఇంత ఇవ్వాలని స్టేట్ బ్యాంకు రూలు పెట్టింది, ఇస్లామిక్ బ్యాంకులకి ఆ రూలు లేదు, ఎందుకంటే లాభం ముందే ఇంత అని ఖాయం చేస్తే అది వడ్డీ అయిపోతుంది కదా. సిద్ధాంతం సరైనదే. కానీ ఫలితం ఏమైందంటే, రేట్లు ఆకాశానికి వెళ్లిన రోజుల్లో ఇస్లామిక్ బ్యాంకులో డబ్బు వేసినవాడికి మామూలు బ్యాంకువాడికన్నా తక్కువ వచ్చింది, బ్యాంకులకి మాత్రం లాభాలు బాగా వచ్చాయి. చివరికి 2025 జనవరి నుంచి స్టేట్ బ్యాంకు ఇంకో దారి పెట్టింది, ఫలానా శాతం ఇవ్వు అని కాకుండా, నువ్వు సంపాదించిన రాబడిలో సగటున కనీసం 75 శాతమైనా సేవింగ్స్‌వాళ్లకి పంచు అని. వంతు చెప్పింది, మొత్తం చెప్పలేదు, కాబట్టి వడ్డీ కాలేదు. ఇది నాకు బాగా నచ్చింది, నిజానికి పదేళ్ల ముందే రావాల్సిన రూలు.

ఇంతకీ జనం అడుగుతున్నది ఏంటి అంటే నాకు తోచింది చెప్తాను. పాపం లేని రాబడి కావాలి, కానీ వేసిన అసలు సొమ్ము పోకూడదు. పండితులు చెప్పే ముదారబాలో అసలు పోయే అవకాశం కూడా ఉంటుంది, అదే లేకపోతే లాభంలో వంతు అడిగే హక్కు ఎక్కడిది అంటారు వాళ్లు. జనానికి ఆ భాగం వద్దు, అది వాళ్ల తప్పు కూడా కాదు, కూతురి పెళ్లికి దాచుకున్నవాడు నష్టంలో వంతు పంచుకుంటానని ఎందుకంటాడు? ఈ సంగతి బ్యాంకులకీ తెలుసు, అందుకే రిస్కు తక్కువున్న మురాబహాలూ ఇజారాలూ చేసి నష్టం రాకుండా చూసుకుంటాయి, అప్పుడేమో చూసేవాళ్లకి అది వడ్డీలాగే కనిపిస్తుంది, మళ్లీ అదే జనం ఇది అసలైనది కాదు అంటారు. ఈ చక్రం ఎక్కడ తెగుతుందో నాకైతే కనపడటం లేదు.

ఇక ముందు ఏం జరుగుతుంది అన్నారు. 2022 ఏప్రిల్‌లో షరియత్ కోర్టు ఆ పాత కేసులో తీర్పిస్తూ 2027 చివరికల్లా వడ్డీ పోవాలంది, 2024లో 26వ రాజ్యాంగ సవరణ చేసి 2028 జనవరి 1 లోపు అని రాజ్యాంగంలోనే రాసేశారు. బ్యాంకులు మారడం పెద్ద కష్టం కాదు, ఫైసల్ బ్యాంకు మారి చూపించింది. అసలు కష్టం ప్రభుత్వంతో, ఆ దేశంలో బ్యాంకుల దగ్గర అందరికన్నా ఎక్కువ అప్పు తీసుకునేది అదే. వడ్డీ లేకుండా ప్రభుత్వం అప్పు చేయాలంటే సుకూక్ అని ఒక పద్ధతుంది. 2005లో ఇస్లామాబాద్ - లాహోర్ మోటర్‌వే చూపించి 60 కోట్ల డాలర్లు తెచ్చింది, డబ్బు పెట్టినవాళ్లకి ఆ రోడ్డులో హక్కు, ప్రభుత్వం వాళ్లకి అద్దె కడుతుంది. అంటే ప్రతి అప్పుకీ వెనక ఒక రోడ్డో ఎయిర్‌పోర్టో డ్యామో ఉండాలి. పాత అప్పుల మీద వడ్డీ కట్టడానికే కొత్త అప్పు చేసే ప్రభుత్వం దానికి వెనక ఏ ఆస్తి చూపిస్తుంది? 2028 దగ్గరపడే కొద్దీ వార్తల్లో ఇస్లామిక్ బ్యాంకు అన్న మాట వస్తే, మీరు బ్యాంకుల గురించి కాకుండా సుకూక్‌కి ఏ ఆస్తులు పెడుతున్నారు, ఎంత పెడుతున్నారు అన్నది వెతికి చదవండి, ఇంకా అర్థం కాకపోతే మళ్లీ రాయండి.

ఉంటాను,
మీ తాతయ్య