బోటు బ్యాటరీకి ఏ ఛార్జర్ సెట్టింగ్? అపోహలు - వాస్తవాలు

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి, కోనాడ... ఏ ఒడ్డున చూసినా జీపీఎస్, లైట్లు, వైర్‌లెస్ సెట్టు పెట్టుకున్న బోటుకి బ్యాటరీ ఆగిపోతే చీకట్లో నడిసముద్రంలో ఇబ్బందే. నా దగ్గరికి వచ్చే బ్యాటరీల్లో చాలావరకు తప్పు సెట్టింగ్‌లో ఛార్జ్ చేసి పాడైనవే. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: 12 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల ఛార్జర్ ఏదైనా ఒకటే.

12 అన్నది పేరుకే. ఛార్జ్ ఎక్కాలంటే 14 దాటాలి, ఎంత దాటాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు పోసే మామూలు యాసిడ్ బ్యాటరీకి 14.4 నుంచి 14.8, ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే రకం)కి 14.4 నుంచి 14.7, జెల్ (యాసిడ్ జిగురులా గట్టిగా ఉండే రకం)కి సుమారు 14.1 - 14.2, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి 14.2 నుంచి 14.6. కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి లేబుల్ మీద రాసిందే చివరి మాట. మామూలు బ్యాటరీలో వోల్టేజీ కాస్త ఎక్కువైతే నీళ్లు ఆవిరవుతాయి, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటాం. జెల్‌లో ఆ అవకాశం లేదు. లోపల గ్యాస్ బుడగలు పుట్టి, ప్లేటుకీ జెల్‌కీ మధ్య ఖాళీలు పడతాయి. అవి మళ్లీ పూడవు. ఖరీదైన బ్యాటరీ పోయినట్టే.

అపోహ: నీళ్లు పోసే మూతలు లేకపోతే అది జెల్ బ్యాటరీయే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. సీల్డ్ బ్యాటరీల్లో ఏజీఎం ఉంది, జెల్ ఉంది, లోపల మామూలు యాసిడే ఉండి పైన మూసేసినవీ ఉన్నాయి. వీఆర్‌ఎల్‌ఏ (వాల్వు ఉన్న సీల్డ్ యాసిడ్ బ్యాటరీ) అని రాసి ఉంటే ఏజీఎం కావచ్చు, జెల్ కూడా కావచ్చు. మోడల్ నంబరు చూపించి కొన్న షాపులో అడగండి. ఈలోగా ఛార్జ్ చేయక తప్పకపోతే జెల్ సెట్టింగే పెట్టండి. పూర్తిగా నిండకపోయినా ఒకటి రెండు సార్లకు పాడవదు.

అపోహ: లిథియంకి ఏజీఎం సెట్టింగ్ సరిపోతుంది.

అంకెలు దగ్గరగానే ఉంటాయి, నిజమే. కానీ కొన్ని ఛార్జర్లు ఆ సెట్టింగ్‌లో మధ్యమధ్య రిపేర్ మోడ్‌కి (పాడైన యాసిడ్ బ్యాటరీని బాగుచేసే పద్ధతికి) వెళ్లి 15 వోల్టులు దాటిస్తాయి. లిథియంకి అది పడదు. లిథియం సెట్టింగ్ ఉన్న ఛార్జరే కొనండి.

అపోహ: చేపల వేట నిషేధానికి ముందు ఫుల్ ఛార్జ్ చేస్తే చాలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సరిగ్గా మండే ఎండల్లోనే బోట్లు ఒడ్డున ఉంటాయి. వేడికి యాసిడ్ బ్యాటరీ తనంతట తానే త్వరగా దిగిపోతుంది. అలా దిగి ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నెగటివ్ వైరు తీసేసి, నీడలో పెట్టి, నెలకోసారి ఛార్జ్ చేయండి. బ్యాటరీ వేడి 35 డిగ్రీలుంటే, లిథియంకి తప్ప మిగతా వాటికి, పైన చెప్పిన వోల్టేజీలో సుమారు 0.2 తగ్గించాలి. టెంపరేచర్ సెన్సర్ ఉన్న ఛార్జర్ ఆ పని తనే చూసుకుంటుంది. లిథియంని మాత్రం సగం ఛార్జ్‌తో ఉంచితే మంచిది.

మామూలు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్‌ని ఛార్జింగ్ పూర్తయ్యాకే పోయండి. ముందే ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేంత వరకు పోసి ఆపండి. ఛార్జ్ చేసే చోట గాలి ఆడాలి, బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు, వచ్చేది హైడ్రోజన్. ఉప్పునీరు మాత్రం సెల్‌లో పడనీయకండి, క్లోరిన్ విషవాయువు పుడుతుంది.