'ఆఁతెల్': బెంగాలీల ఈ వెక్కిరింత ఎక్కడి నుంచి వచ్చింది?

కలకత్తాలో ఒకర్ని 'ఆఁతెల్' అన్నారంటే మెచ్చుకున్నట్టు కాదు. పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు చెప్తాడు, పని మాత్రం ఏదీ చేతకాదు అని. మేధావికి ఫ్రెంచివాళ్లు వాడే 'intellectuel' అనే మాటను వాళ్ల యాసలోనే పట్టుకుని, సగానికి తెంపి తిట్టుగా చేశారు. పారిస్ కబుర్లు చెప్పేవాడికి పారిస్ యాసలోనే చురక అన్నమాట. అలాంటివాళ్ల వేషాలకు 'ఆఁత్లామి' అని ఇంకో మాట కూడా ఉంది.

ఈ మాట తర్వాత పుట్టిందే అయినా దాని వెనక కోపం పాతది. 1817లో హిందూ కాలేజీ వచ్చింది, 1835 నుంచి ప్రభుత్వం ఇంగ్లీషు చదువు వైపు మొగ్గింది, దాంతో బెంగాలీ భద్రలోకానికి, అంటే చదువుకున్న పరువుగల వర్గానికి, గుమాస్తా ఉద్యోగాలూ పరువూ దొరికాయి గానీ అసలు అధికారం, పెద్ద వ్యాపారం తెల్లవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. చదువు ఉంది, చేతిలో ఏమీ లేదు. 'వందేమాతరం' రాసిన బంకించంద్ర 1870ల్లోనే 'బాబు' అనే వ్యాసంలో ఈ వర్గాన్ని ఉతికి ఆరేశారు. ఆయనా ఆ వర్గం మనిషే, డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా తెల్లవాళ్ల కొలువు చేసినవారే.

స్వాతంత్య్రం వచ్చాక ఈ దూరం ఇంకా పెరిగింది. దేశ విభజనతో లక్షల మంది కాందిశీకులు వచ్చిపడ్డారు, 1959లో తిండి కోసం జనం రోడ్డెక్కారు, 60ల మధ్య నుంచి ఫ్యాక్టరీలు దెబ్బతిని డిగ్రీ ఉన్న కుర్రాళ్లకు ఉద్యోగాలు కరువయ్యాయి. వాళ్లంతా చేరే చోటు కాలేజ్ స్ట్రీట్‌లోని కాఫీ హౌస్, 1942లో ఆల్బర్ట్ హాల్లో తెరిచింది. ఒక్క కప్పు ముందు పెట్టుకుని గంటల తరబడి సార్త్ర్, కామూ, బ్రెష్ట్, గొదార్ అంటూ యూరప్ రచయితల, సినిమావాళ్ల కబుర్లే. భుజాన జోలె, గడ్డం, వేళ్ల మధ్య మన హైదరాబాద్ వజీర్ సుల్తాన్ కంపెనీ వాళ్ల చార్మినార్ సిగరెట్. ఇంట్లో బియ్యం లేనివాళ్లకు ఈ కబుర్లు చూస్తే ఒళ్లు మండటంలో తప్పేముంది?

కానీ ఆ కబుర్లన్నీ వట్టివని ఎలా అంటాం? 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టినవాళ్లలో సత్యజిత్ రాయ్ ఒకరు. అప్పటికి ఆయన యాడ్ కంపెనీలో బొమ్మలేసే ఉద్యోగి, విదేశీ సినిమాల గురించి మాట్లాడటం తప్ప ఒక్క సినిమా కూడా తీయలేదు. 'పథేర్ పాంచాలీ' వచ్చింది 1955లో. మధ్యలో ఆ ఎనిమిదేళ్లూ ఆయన్ని చూసి ఎవరైనా ఏమనుకుని ఉంటారు?

ఇక 2007. మార్చి 14న, పరిశ్రమ కోసం భూములు తీసుకోవడాన్ని ఎదిరించిన నందిగ్రామ్ అనే బెంగాల్ పల్లె ప్రాంతంలో పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు. నవంబర్‌లో కలకత్తా రచయితలు, నటులు, చిత్రకారులు మామూలు జనంతో కలిసి భారీ ఊరేగింపు తీశారు. ఇన్నాళ్లూ కూర్చుని మాట్లాడతారని పేరుపడ్డవాళ్లు వీధిలోకి వచ్చారు, జనం కూడా గౌరవించారు. 2011లో లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం పోయి మమతా బెనర్జీ ప్రభుత్వం వచ్చాక అప్పుడు నిరసన చేసినవాళ్లలోనే కొందరికి మంత్రి పదవులు, కమిటీల్లో కుర్చీలు దక్కాయి, దాంతో 'బుద్ధిజీవి' అనే మంచి మాటకు కూడా మచ్చ పడింది. ఏ పార్టీ పంచన చేరకుండా, నిజంగా చదువుకుని ప్రశ్న అడిగేవాళ్ల నోరు మూయించడానికి కూడా ఇప్పుడు ఆఁతెల్ అనేస్తున్నారు, నాకు కష్టంగా ఉన్నది ఇదే.